ఫ్లాస్కులో పెరిగిందల్లా లింఫోమా కాదు

అపోహ: లింఫోమా (లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్) పేషెంట్ కణాల్ని ల్యాబ్‌లో పెంచి, ఏ మందుకు చస్తాయో చూసి, అదే వాడొచ్చు. అంతదాకా కీమో ఆపొచ్చు.

వాస్తవం: దయచేసి ఆపకండి. బర్కిట్ అనే వేగంగా పెరిగే రకం లింఫోమా కణాలు ఒకటి రెండు రోజుల్లో రెట్టింపవుతాయి. సెల్ లైన్ (ల్యాబ్‌లో ఆగకుండా పెరుగుతూ ఉండే కణాల సంతతి) నిలబడటానికి నెలలు పడుతుంది. అసలు నిలబడేవే తక్కువ. ఫాలిక్యులర్ అనే మరో రకం లింఫోమా కణాలైతే లింఫు గ్రంథిలో పక్కనుండే కణాల ఆసరా పోగానే కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. హాడ్జ్‌కిన్ రకం లింఫోమాలో అసలు క్యాన్సర్ కణాలు గ్రంథి మొత్తంలో 1 శాతం చుట్టూ ఉంటాయి, ఇక పెంచేదేముంది?

పెరిగినా సంబరపడలేం. పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉంటుంది. ఒంట్లో టి కణాలనే రక్షక కణాలు దాన్ని అదుపులో పెడతాయి. ఫ్లాస్కులో ఆ కాపలా సరిగా ఉండదు, వైరస్ సోకిన మామూలు బి కణాలు (యాంటీబాడీలు చేసే తెల్ల రక్తకణాలు) గుత్తులు గుత్తులుగా పెరుగుతాయి. వరి నాటిన మడిలో ఊద ఏపుగా లేచినట్టే. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు "వచ్చేసింది మేడం" అని పరిగెత్తుకొస్తారు. బయాప్సీలో ఉన్న ఇమ్యునోగ్లోబులిన్ జన్యు అమరికే (బి కణానికి వేలిముద్ర లాంటిది) ఇందులోనూ ఉందా, బర్కిట్ అయితే 8, 14 క్రోమోజోముల మధ్య ముక్కల మార్పిడి ఉందా అని చూస్తే సగం ఉత్సాహం అక్కడే దిగిపోతుంది.

ఒకాయన వాట్సాప్ ఫార్వర్డ్ పట్టుకొచ్చి, "మా తమ్ముడి కణాలు పెరిగాక చెప్పండమ్మా, అప్పుడే మొదలుపెట్టిస్తాం" అన్నారు. ఆ మెసేజ్ రాసినవాడి మీద ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, రాత్రుళ్లు నిద్రలేని మొహం అది. మందు తేల్చేది బయాప్సీ రిపోర్టు, అందులో సీడీ20 (బి కణాల మీదుండే ఒక ప్రోటీన్) పాజిటివ్ అనుంది చూడండి, ఈరోజే డాక్టర్ దగ్గరికెళ్లండి అని పంపాను.

మరి ఈ లైన్లెందుకు? 1963లో నైజీరియాలోని ఇబాదాన్‌లో పల్వర్‌టాఫ్ట్ అనే పరిశోధకుడు ఒక 11 ఏళ్ల నైజీరియా అబ్బాయి దవడ గడ్డనుంచి తీసిన 'రాజీ' అనే బర్కిట్ సెల్ లైన్ ఇప్పటికీ ల్యాబుల్లో పెరుగుతోంది. సీడీ20ని పట్టుకుని పనిచేసే లింఫోమా మందు రిటుక్సిమాబ్ బలాన్ని పరీక్షించేది అలాంటి సీడీ20 ఉన్న లైన్ల మీదే. 2007లో హైదరాబాద్ నుంచి వచ్చిన రెడిటక్స్ కూడా రిటుక్సిమాబే.

మిగతావి గబగబా. బయాప్సీతో లింఫోమా పాకదు. పేరు చూసి లైన్‌ను నమ్మకండి, ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాలు ఎవరివో చెప్పే డీఎన్ఏ గుర్తింపు), మైకోప్లాస్మా (కల్చర్‌లో దాక్కునే బ్యాక్టీరియా) పరీక్ష రెండూ చేయించండి. పరిశోధనకు తీసుకునేది నిర్ధారణకు పోగా మిగిలిన ముక్కే, అదీ సమ్మతి పత్రం మీద సంతకం పెడితేనే. పెట్టకపోయినా వైద్యంలో తేడా రాదు.