ఎలుక కరవలేదు, మరి ఎలుక జ్వరం ఎలా వచ్చింది?

'లెప్టో పాజిటివ్', అంటే ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) ఉందని రిపోర్టు ఇవ్వగానే వచ్చే మాట ఒకటే: "అదేంటండీ, నన్ను ఎలుక కరవనే లేదు!" ల్యాబ్‌లో చేరినప్పటి నుంచి ఇదే వింటున్నాను, విసుగొచ్చేసింది.

కరవక్కర్లేదండీ. ఈ జ్వరం తెచ్చేది లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా, పొడవు మిల్లీమీటరులో వందో వంతు. మెలికలు తిరిగిన దారంలా ఉండి, చివర కొక్కెంలా వంగుతుంది. ప్రశ్నార్థకంలా కనిపిస్తుందనే ఇంటరోగన్స్ అని పేరు పెట్టారు. మామూలు మైక్రోస్కోపుకు దొరకదు, నల్లటి నేపథ్యం మీద క్రిమిని మెరిసేలా చూపే డార్క్ ఫీల్డ్ మైక్రోస్కోపు కావాలి. ఇది ఎలుక కిడ్నీలో నెలల తరబడి కాపురం ఉంటుంది, ఎలుకకు మాత్రం ఏమీ కాదు. మూత్రంతో బయటికొచ్చి తడి మట్టిలో, నిలవ నీటిలో వారాల తరబడి బతుకుతుంది. దమ్ము మడిలో దిగిన కాలి పగుళ్ల గుండా, కళ్లలో పడిన నీటి గుండా ఒంట్లోకి వెళ్తుంది. ఆవులు, కుక్కలు, పందుల మూత్రంలోనూ ఉండొచ్చు.

మా బాబాయికి నాట్లయిన వారానికి జ్వరం, పిక్కల్లో పోట్లు. "బురదలో నడిచాను కదరా" అని ఊళ్లోనే నొప్పుల ఇంజక్షన్లు వేయించుకున్నాడు. కళ్లు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత పచ్చబడ్డాయి. కామెర్లని పసరు మందుకు ఆటో మాట్లాడుతుంటే ఫోన్‌లో అరిచాను. ఆయన మీద నేను అరవడం అదే మొదటిసారి. రెండుసార్లు డయాలసిస్ పడ్డాక గట్టెక్కాడు. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చుంటే డాక్సీసైక్లిన్ మాత్రలతో తేలిపోయేదేమో.

జ్వరం వచ్చిన రెండో రోజే ఐజీఎమ్ టెస్టు (రక్తంలో యాంటీబాడీలు చూసేది) చేయించి, నెగెటివ్ అని నిశ్చింతగా ఉండేవాళ్లూ ఉన్నారు. క్రిమితో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే ఈ యాంటీబాడీలు తేలడానికి దాదాపు వారం పడుతుంది. అప్పటిదాకా మందు ఆపొద్దు.

ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందా? దాదాపు అంటుకోదు, పేషెంటుకు కంచం వేరు పెట్టకండి. ప్లేగా? అది వేరే బ్యాక్టీరియా. వంటింట్లో ఎలుక కనబడిందని రాత్రంతా టెన్షన్ పడకండి, బ్లీచింగ్ నీళ్లతో తుడిచి ఆరనిస్తే ఈ క్రిమి చస్తుంది. జ్వరంతో డాక్టరు దగ్గరికి వెళ్తే మాత్రం, గత నెల రోజుల్లో మడిలోనో వరద నీళ్లలోనో దిగిన సంగతి అడక్కపోయినా చెప్పండి.

బాబాయికి గమ్‌బూట్లు కొనిచ్చాను. బురదలో ఊడిపోతున్నాయని గట్టు మీదే విడిచి దిగుతున్నాడట.