ఇంగ్లండ్ పల్లెటూరు: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్ ప్రాంతపు పాత పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రిజిస్టర్లనూ భూమి పటాలనూ చదివి వివరాలు రాసిపెట్టడం నా పని. అక్కడి పల్లె అనగానే మనవాళ్ల మనసులో గడ్డికప్పు ఇళ్లు, చర్చి గోపురం, వందల ఏళ్లుగా కదలిక లేని జీవితం మెదులుతాయి. ఆ చిత్రంలో చర్చి ఒక్కటే కాస్త నమ్మదగినది.

అపోహ: కుటుంబాలు తరతరాలుగా ఒకే ఊళ్లో ఉండిపోయేవి.

వాస్తవం: క్లేవర్త్ అనే ఊరి చర్చి మతాధికారి విలియం శాంప్సన్ 1676లో ఇంటింటి లెక్క తీసి 401 మందిని నమోదు చేశాడు. 1688లో మళ్లీ లెక్కిస్తే 412 మంది తేలారు. అంకెలు మాత్రమే చూసినవారు ఈ పన్నెండేళ్లలో ఊళ్లో ఏమీ జరగలేదనుకుంటారు. పేర్లు పోల్చి చూస్తే మొదటి జాబితాలోని వారిలో నూటికి అరవై మందికి పైగా రెండో జాబితాలో కనిపించరు. చనిపోయినవారు పోగా తక్కినవారు ఊరు విడిచిపోయారు, వారి స్థానంలో కొత్తవారు వచ్చారు. ఈడొచ్చిన పిల్లలు ఆడా మగా పొరుగూరి రైతుల దగ్గర ఏడాది జీతానికి కుదిరి, ఆ ఇంట్లోనే తిని పడుకుని, గడువు తీరగానే మరో ఊరికి మారడం ఇందుకొక ముఖ్య కారణం. మన పాలేరు ఒప్పందం ఎరిగినవారికి ఇది కొత్తగా అనిపించదు గానీ, అక్కడ కాస్త కలిగిన రైతుల బిడ్డలు కూడా అలా వెళ్లేవారు. ఖననాల పుటల్లో ‘పేరు తెలియని బాటసారి స్త్రీ’ వంటి నమోదు ఎదురైనప్పుడల్లా నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. బయటినుంచి వచ్చి ఊరికి భారమవుతారనుకున్నవారిని సొంత పారిష్‌కు తిప్పి పంపేందుకు 1662లో చట్టమే చేశారు. ఎవరూ కదలని సమాజానికి అలాంటి చట్టంతో పనేముంది?

అపోహ: ఉమ్మడి కుటుంబాలు, చిన్ననాటి పెళ్లిళ్లు.

వాస్తవం: క్లేవర్త్‌లో ఇంటికి సగటున నలుగురు చిల్లర మంది. 17వ శతాబ్దపు ఇంగ్లండులో స్త్రీలు సాధారణంగా ఇరవై అయిదు దాటాకే పెళ్లాడేవారు, ఎందుకంటే వేరు కాపురానికి సరిపడా కూడబెట్టుకునేదాకా ఆగడం అక్కడి రివాజు.

అపోహ: పాడుబడిన ఊళ్లన్నీ ప్లేగు వల్లే ఖాళీ అయ్యాయి.

వాస్తవం: యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీలో మారిస్ బెరెస్‌ఫర్డ్, జాన్ హర్స్ట్ 1950 నుంచి 1990 వరకు ఏటా వేసవిలో తవ్వకాలు జరిపారు. 1348–49 నాటి మహమ్మారి తరవాత కూడా ఆ ఊరు శతాబ్దానికి పైగా బతికే ఉంది. ఉన్నికి గిరాకీ పెరగడంతో దున్నే నేల గొర్రెల మేతకు మారి, సుమారు 1500 నాటికి మిగిలిన కుటుంబాలు కూడా ఖాళీ చేయవలసి వచ్చింది. రోగాన్ని నిందించడం తేలిక, భూస్వామి లెక్కల పుస్తకం తిరగేయడం కష్టం.

అపోహ: ఊరి ఉమ్మడి నేల అందరిదీ, దానికి అడ్డూ అదుపూ ఉండేవి కావు.

వాస్తవం: ఉమ్మడి అంటే హక్కు ఉన్నవారి ఉమ్మడి. ఫలానా ఇంటికి ఇన్ని పశువులు అని పరిమితి ఉండేది. హక్కు లేని కూలివాడు తన గొర్రెను తోలితే జరిమానా పడేది. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు వేలాది చట్టాలతో ఈ నేలలను పంచి కంచెలు వేయించింది, అయినా లాక్స్‌టన్ అనే ఊళ్లో, కంచెలు లేని పెద్ద పొలాల్లో రైతులు తలా కొన్ని చెక్కలు సాగుచేసుకునే ఆ పాత పద్ధతి నేటికీ నడుస్తోంది. 1635లో మార్క్ పియర్స్ గీసిన పటంలో అక్కడి పొలాలు రెండు వేలకు పైగా సన్నని చెక్కలుగా కనిపిస్తాయి. ఇప్పుడు చెక్కలు తక్కువ, పెద్దవి. మూడు పెద్ద పొలాలూ వంతులవారీగా గోధుమ, వసంతకాలపు పంట, బీడు అనే క్రమంలో తిరుగుతాయి. నవంబర్ నెలాఖరున రైతుల జ్యూరీ గోధుమ విత్తిన పొలమంతా నడిచి, హద్దుల దగ్గర కొయ్య మేకులు సుత్తితో దిగగొడుతుంది. బాటలోకో పక్కవాడి చెక్కలోకో నాగలి పోనిచ్చినవారి పేర్లు రాసుకుంటారు. వారం తరవాత ఊళ్లోని డవ్‌కోట్ ఇన్ అనే సారాయి సత్రంలో కోర్ట్ లీట్ అనే ఊరి న్యాయసభ కూర్చుని, ఆ జాబితా చదివి జరిమానాలు విధిస్తుంది.