హెర్మిట్ క్రాబ్ ఇంటికొచ్చింది, కదలట్లేదు: అపోహలు - వాస్తవాలు

అమెరికా ఈస్ట్ కోస్ట్ బీచ్‌లకి వెళ్లొచ్చిన మనవాళ్ల దగ్గర్నుంచి సమ్మర్ అయిపోయేసరికి నాకొచ్చే మెసేజ్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి. "అక్కా, బీచ్ పక్కన షాపులుండే బోర్డ్‌వాక్ మీద పిల్లలు గోల చేస్తే హెర్మిట్ క్రాబ్ తీసుకున్నాం, క్రాబ్ ఫ్రీ అని కేజ్‌కి డబ్బులు తీసుకున్నాడు, ఇప్పుడు చూస్తే కదలట్లేదు, ఏం చెయ్యమంటారు?" జనం వద్దనుకున్న పీతల్ని తెచ్చుకుని, కోలుకున్నాక మంచి ఇల్లు చూసి ఇవ్వడం నేను చేసే పని, అందుకే అందరూ నన్నే అడుగుతారు. విడివిడిగా టైప్ చెయ్యలేక ఒకేసారి రాసేస్తున్నా. హెర్మిట్ క్రాబ్ అంటే ఖాళీ గవ్వలో దూరి, దాన్ని మోసుకుంటూ తిరిగే పీత. చెప్పేదంతా నేల మీద తిరిగే కరీబియన్ రకం గురించి, ఎడమవైపు పెద్ద పించర్ (కొండి) ఊదా రంగులో ఉంటుందే, అమెరికా షాపుల్లో ఎక్కువ దొరికేది అదే.

అపోహ: వైర్ కేజ్, గుప్పెడు రంగు రాళ్లు, తడి స్పాంజ్ చాలు, షాపువాడే ఇచ్చాడు కదా.

చాలావాటి ప్రాణం తీసేది ఆ కేజే. ఇది నేల మీద తిరిగినా ఊపిరి పీల్చేది మొప్పలతోనే, ఆ మొప్పలు తడిగా ఉంటేనే గాల్లోని ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది. ఏసీయో హీటరో నడిచే ఇంట్లో పొడి గాలికి జాలీ కేజ్‌లో పెడితే నిదానంగా ఊపిరాడక పోతుంది, అందుకు వారాలూ నెలలూ పడుతుంది కాబట్టి ఎందుకు పోయిందో ఎవరికీ అర్థం కాదు, "వీటి ఆయుష్షే అంత" అనేసుకుంటారు. అద్దం ట్యాంక్, గాలి పెద్దగా పోని మూత, లోపల తేమ 75-85%, వేడి 75-85 డిగ్రీల ఫారెన్‌హీట్ (24-29 సెల్సియస్). రెండూ ఒకటే అంకెలు, గుర్తుంటాయి. ముల్లు తిరిగే మీటర్లని నమ్మొద్దు, డిజిటల్‌ది కొనండి. హీట్ మ్యాట్‌ని వెనక అద్దానికి, ఇసుక మట్టానికి పైన అంటించాలి. ట్యాంక్ అడుగున పెడితే ఇసుకలో దూరిన పీత ఉడుకుతుంది. స్పాంజ్ తీసి పారేయండి, బ్యాక్టీరియా పెంచడం తప్ప దానివల్ల ఏం లేదు.

అపోహ: డల్‌గా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో స్నానం చేయించి, చేతి మీద నడిపిస్తే హుషారొస్తుంది.

ఇక్కడే ఎక్కువమంది ప్రేమతో చంపుకుంటారు. ఆ పీత ఎక్కడో కరీబియన్ తీరంలో పట్టుబడి, పెట్టెల్లో ప్రయాణం చేసి, షాపులో తిండీ తేమా సరిగ్గా లేకుండా ఉండి మీ ఇంటికొచ్చింది, దానికి తోడు రోజుకి నాలుగుసార్లు చేతిలోకి తీసుకుంటే ఉన్న కాస్త ఓపిక కూడా పోతుంది. వీటిని పెంచేవాళ్లు ఈ స్థితిని పోస్ట్ పర్చేజ్ స్ట్రెస్ అంటారు. మందేం లేదు. పైన చెప్పిన తేమ, వేడి, రెండు గిన్నెల నీళ్లు (ఒకటి మంచినీళ్లు, ఒకటి ఉప్పునీళ్లు), కొంచెం తిండి, దాక్కోడానికి చోటు, ఇవి పెట్టేసి పగటి వెలుతురు మామూలుగా పడేలా చూసి వదిలేయండి. మూత మాటిమాటికీ తీస్తే తేమంతా పోతుంది. తిరుగుతోందా లేదా తెలియాలంటే రాత్రి గిన్నెల చుట్టూ ఇసుక చదును చేసి పడుకోండి, ఇవి రాత్రిపూట తిరిగే జీవులు. పొద్దున చూస్తే గవ్వ ఈడ్చిన గాడి, దానికి రెండువైపులా సన్నటి గుచ్చుళ్లు కనిపిస్తాయి, ఎక్కడికెళ్లిందో ఏ గిన్నె ఎక్కిందో మొత్తం ఇసుకలోనే ఉంటుంది.

కాలు రాలిపోతే మాత్రం ఒత్తిడి బాగా ఎక్కువైనట్టే, అయినా ఆశ వదలక్కర్లేదు, ఊడినచోట జెల్లీ ముక్కలాంటి చిన్న బుడిపె వచ్చి, తర్వాత కుబుసం విడిచినప్పుడు, అంటే ఒంటి మీది పాత పెంకు వదిలేసినప్పుడు, కొత్త కాలు అవుతుంది. అన్నీ సరిగ్గా చేసినా కొన్ని బతకవు, ఆ దెబ్బ మీ ఇంటికి రాకముందే తగిలుంటుంది.

అపోహ: వారాల తరబడి ఇసుకలోంచి రాలేదంటే చచ్చిపోయినట్టే, తవ్వి చూడాలి.

తవ్వొద్దు, దండం పెడతా. లోపల అది కుబుసం విడుస్తూ ఉంటుంది, అప్పుడు ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, తను తవ్వుకున్న గది కూలితే అంతే సంగతులు. చిన్నవాటికి నెలా రెండు నెలలు, పెద్దవాటికి ఇంకా ఎక్కువ. విడిచిన పాత పెంకు అదే తినేస్తుంది, కాల్షియం కోసం, కాబట్టి తీసి పారేయకండి. ఇసుక కనీసం 6 అంగుళాల లోతుండాలి, పీత పెద్దదైతే ఇంకా లోతు, అయిదు వంతుల ప్లే శాండ్‌కి (పిల్లలు ఆడుకునే ఇసుక) ఒక వంతు కొబ్బరి పొట్టు, గుప్పిట్లో పిసికితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. లోపలికి దూరకుండా ఇసుక పైనే కుబుసం విడిచేస్తే కదపకుండా, అడుగు కోసేసిన ప్లాస్టిక్ బాటిల్ దాని చుట్టూ గుచ్చి చీకటి చెయ్యండి.

గవ్వ పక్కన కాళ్లతో సహా పీత పడుంది అని ఏడుస్తూ ఫొటో పంపేవాళ్లు కూడా ఉన్నారు. ఊదితే కదిలేంత తేలిగ్గా, లోపల బోలుగా ఉంటే అది కుబుసమే. నిజంగా పోతే కుళ్లిన చేపల కంపు కొడుతుంది, పొరపాటు పడే వాసన కాదు.

అపోహ: ఉప్పునీళ్లంటే వంటింట్లో ఉప్పు కలిపితే సరి.

వద్దు, అక్వేరియం షాపులో దొరికే మెరైన్ సాల్ట్ వాడాలి, సముద్రంలో ఉండే మిగతా ఖనిజాలు కూడా అందులోనే ఉంటాయి. మంచినీళ్లకీ ఉప్పునీళ్లకీ రెండింటికీ వాటర్ కండిషనర్ వెయ్యండి, ఇక్కడ చాలా ఊళ్లలో కుళాయి నీళ్లలో క్రిములు చావడానికి క్లోరమిన్ కలుపుతారు, రాత్రంతా మూత తీసి ఉంచినా అది పోదు. గిన్నెలోంచి ఎక్కి రావడానికి రాళ్లు పెట్టండి, మునిగి చచ్చిపోగలవు.

అపోహ: రంగులేసిన గవ్వలంటే వాటికి ఇష్టం.

ఇష్టపడేది పిల్లలు. పెయింట్ పెచ్చులూడితే వీటి నోట్లోకే పోతుంది. గుండ్రటి నోరున్న టర్బో గవ్వలు (ఒక రకం సముద్రపు నత్తవి), ఇప్పుడున్నదానికంటే కొంచెం పెద్దవి, పీతకి మూడో నాలుగో పెట్టండి, నచ్చినప్పుడు అదే మారుతుంది. లాగితే గవ్వ వదలదు, ఒళ్లు తెగినా సరే పట్టుకునే ఉంటుంది. గవ్వ లేకుండా బయట పడుంటే చిన్న కప్పులో ఉప్పునీళ్లతో కడిగిన గవ్వలు ఒకటి రెండు వేసి, దాన్నీ అందులో పెట్టి, తడి గుడ్డ కప్పి చీకట్లో ఉంచండి.

తిండికి ప్యాకెట్ పెల్లెట్లు కొనక్కర్లేదు, చాలావాటిలో ఇథాక్సిక్విన్, కాపర్ సల్ఫేట్ లాంటి, వీటికి మంచివి కాని రసాయనాలు ఉంటాయి. ఏమీ కలపని ఎండు రొయ్యలు, కొబ్బరి ముక్క, బొప్పాయి, దంచిన గుడ్డు పెంకు చాలు, అన్నీ మనింట్లో ఉండేవే. ఉప్పూ కారం తగలకూడదు, పోపు అసలు వద్దు.

అపోహ: ఏడాది బతికితే గొప్ప, పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

సరిగ్గా చూసుకుంటే 30 ఏళ్లు కూడా బతకగలవు. వీటి పిల్లలు సముద్రంలో లార్వాగా పెరగాలి కాబట్టి వీటిని ఫారాల్లో పెంచి అమ్మరు, షాపులో ఉన్నది బీచ్‌లో పట్టిందే. తోడు కావాలంటే ఎవరో వదిలించుకుంటున్నదాన్ని తీసుకోండి. న్యూజెర్సీ బీచ్‌లో వదిలేస్తాం అంటారు కొందరు, అక్కడి చలికి బతకదు. వైజాగ్ బీచ్‌లో గవ్వలతో పరిగెత్తేవి వేరే రకాలు, వాటిని బకెట్లో ఇంటికి తేవడం కూడా వద్దు.

ఇండియా వెళ్లిపోతున్నాం, తీసుకుంటారా అని అడిగేవాళ్లు టికెట్లు బుక్ చేసినప్పుడే చెప్పండి, ముందురోజు రాత్రి కాదు. అది ఇసుక కింద ఉంటే పైకొచ్చేదాకా ట్యాంక్ కదపలేం, అప్పటిదాకా అది ఎవరింట్లో ఉండాలో మనం ముందే చూసుకోవాలి.