పార్కులో కాపలా గది: గొడవకు మూలం 58వ జీవో

పార్కులో మాలి కుటుంబం కాపురం ఉండవచ్చా? గేటు పక్కన ఒక గది వేసి, రాత్రీ పగలూ అక్కడే ఉండే మనిషిని పెట్టుకుంటే అది పార్కుకు రక్షణా, పార్కు స్థలంలో ఆక్రమణా? నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ కాలనీల్లో చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకునే వాదన ఇది. ఒక పక్షం జోనింగ్ నిబంధనలు ముందు పెడుతుంది. మాస్టర్ ప్లాన్‌లో పార్కుగా చూపిన స్థలంలో నివాసం చెల్లదంటుంది. రెండో పక్షం ఎండిపోయిన మొక్కలను, తెగిన ఊయలలను, తెల్లారేసరికి బెంచీల కింద దొర్లే సీసాలను చూపిస్తుంది.

ఈ పార్కులు ఎలా వచ్చాయో పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మొక్కలు నాటే హరితహారం వచ్చింది, 2019 మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టాలన్నది, 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి మొదలైంది, ఖాళీ జాగాలు ప్రకృతి వనాలయ్యాయి. అయితే నేటి గొడవ అర్థం కావాలంటే ఇవన్నీ దాటి 2014 డిసెంబర్ 30కి వెళ్లాలి.

ఆ రోజు తెలంగాణ ప్రభుత్వం 58, 59 నంబర్లతో రెండు ఉత్తర్వులు ఇచ్చింది. 58వ జీవో ప్రకారం అభ్యంతరం లేని ప్రభుత్వ భూమిలో 2014 జూన్ 2 నాటికే ఇల్లు వేసుకుని ఉంటున్న పేద కుటుంబానికి 125 గజాల వరకు ఉచితంగా హక్కు కల్పిస్తారు. అంతకు మించిన జాగాకు, ఇతర వర్గాల వారికి డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరించేది 59వ జీవో. ఏళ్ల తరబడి భయం భయంగా బతికిన కుటుంబాల చేతికి కాగితం ఇచ్చిన మంచి ఉత్తర్వు 58. కానీ ఎప్పటి నుంచి ఉంటున్నారో రుజువు చేసుకోవడానికి కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఇంటి పన్ను రశీదు, ఆధార్ వంటివి చూపమన్నారు. 2023లో ఆ 2014 జూన్ 2 గడువు తేదీని 2020 జూన్ 2కు జరిపారు. ఒకసారి జరిగిన తేదీ మళ్లీ జరుగుతుందన్న లెక్క అప్పుడే జనం మనసుల్లో పడింది.

అంతకుముందు పార్కు గదిలో వెలిగే బల్బు ఎవరికీ పట్టేది కాదు. 58వ జీవో తర్వాత ఆ బల్బుకు మీటరు ఉందా, ఉంటే ఎవరి పేరు మీద ఉంది అన్నది పెద్ద ప్రశ్న అయింది. ఇవాళ మీటరు, రేపు ఇంటి నంబరు, ఎల్లుండి పట్టా అని కాలనీవాసులు వరస కట్టి చెబుతారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అనుమతి లేని లేఅవుట్లలో పార్కుకు వదిలిన జాగాయే లేని కాలనీలు ఎన్నో ఉన్నాయి కాబట్టే, 2020 ఆగస్టు నాటి లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకంలో పది శాతం ఖాళీ స్థలం లేని చోట ప్లాటు విలువలో 14 శాతం వసూలు చేయాలని రాశారు. డబ్బు కడితే ప్లాటు సక్రమమవుతుంది, పోయిన పార్కు మాత్రం తిరిగి రాదు. ఉన్న ఒక్క పార్కునైనా కాపాడుకోవాలన్న పట్టుదల అక్కడి నుంచి వచ్చింది. 2024 జులైలో హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడి, పార్కు స్థలాల్లోని కట్టడాలను కూల్చే దృశ్యాలు ఇంటింటికీ చేరాక ఆ పట్టుదల ఇంకా గట్టిపడింది. హైడ్రా పరిధి ఔటర్ రింగ్ రోడ్డు దాటి రాదు. అయినా పార్కులో గోడ కనిపిస్తే ఆక్రమణే అనుకునే చూపు నల్లగొండ దాకా, పాలమూరు దాకా వచ్చేసింది.

ఈ వాదనలో ఎవరూ నిలబడి చదవని మాటలు జీవోలోనే ఉన్నాయి: అభ్యంతరం లేని భూమి. పార్కు, చెరువు శిఖం (చెరువు గర్భంలోని భూమి), లేఅవుట్‌లో ప్రజల కోసం వదిలిన ఖాళీ స్థలం ఆ కోవలోకి రావు. మాలి ఇరవై ఏళ్లు ఉన్నా, చేతిలో ఇరవై ఏళ్ల కరెంటు బిల్లులున్నా 58వ జీవో అతనికి పార్కులో ఒక్క గజం ఇవ్వదు. ఈ సంగతి చెప్పాల్సిన బల్దియాలు చెప్పలేదు. వాటికి ఇంకో దారి సులువుగా కనిపించింది. అంచనా పత్రంలో పనిముట్ల గది అనో పంపు గది అనో రాసి గది కట్టడం, నోటిమాటగా ఒక కుటుంబాన్ని ఉండమనడం, మోటారు లైను నుంచే కరెంటు వాడుకోనివ్వడం. ఉత్తర్వు ఉండదు, మీటరు ఉండదు, రిజిస్టరులో పేరు ఉండదు. కాగితం లేకపోతే హక్కు పుట్టదన్నది ఆ అధికారుల లెక్క. నిజానికి కాగితం లేని కాపురమే రేపు తగాదా తెస్తుంది. ఆ కుటుంబం ఎవరి తరఫున, ఏ షరతు మీద అక్కడ ఉందో చెప్పే ఆధారం అప్పుడు ఎవరి దగ్గరా ఉండదు.

నివాసాన్ని వ్యతిరేకించేవారు తరచూ చూపేది సుప్రీంకోర్టు తీర్పులను. బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసు 1991 నాటిది. రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదని కోర్టు తేల్చింది. ఆ తర్వాత వీరేందర్ గౌర్ కేసులో హర్యానాలోని థానేసర్‌లో ఖాళీ స్థలాన్ని ధర్మశాలకు ఇవ్వడాన్ని, 1995లో ఖజూరియా కేసులో ఢిల్లీలో పార్కు స్థలాన్ని నర్సరీ బడికి ఇవ్వడాన్ని కొట్టేసింది. గొప్ప తీర్పులు ఇవి. దేశంలో ఎన్నో పార్కులు ఇంకా పార్కులుగా ఉన్నాయంటే వీటి చలవే. అయితే ఈ మూడింటిలోనూ లాభం పొందబోయింది పార్కుతో సంబంధం లేని బయటివారు. ఆ స్థలంలో మొక్కకు నీళ్లు పోసే మనిషికి తల దాచుకునే గది ఉండకూడదని వీటిలో దేనిలోనూ కోర్టు అనలేదు. ఆ ప్రశ్నే వాటి ముందుకు రాలేదు.

వచ్చిన ప్రశ్న ఒకటుంది. దాన్ని 2012లో మరియా మార్గరీడా సిక్వేరా ఫెర్నాండెజ్ కేసులో కోర్టు తేల్చింది. గోవాలో ఒక ఇంటి మీద వచ్చిన తగాదా అది. కాపలాదారుగా, వాచ్‌మన్‌గా, పనివాడిగా ఒక ఆస్తిలో ఉన్నవారు ఎంతకాలం ఉన్నా దానిలో హక్కు సంపాదించలేరని, యజమాని అడిగినప్పుడు ఖాళీ చేయాల్సిందేనని ఆ తీర్పు స్పష్టంగా చెప్పింది. 58వ జీవో పుట్టించిన భయానికి జవాబు జీవో కంటే రెండేళ్ల ముందే సిద్ధంగా ఉందన్నమాట. అయితే ఆ తీర్పు అక్కరకు రావాలంటే, ఆ మనిషి అక్కడ కాపలాదారుగానే ఉన్నాడని కాగితం చెప్పాలి. బల్దియాలు రాయకుండా వదిలేసింది ఆ కాగితాన్నే.

అడవుల విషయంలో చట్టం ఈ చిక్కును ఎప్పుడో విప్పింది. 1980 అటవీ సంరక్షణ చట్టం రెండో సెక్షన్ వివరణలో అటవీయేతర పని అంటే ఏమిటో చెబుతూ, అడవి పరిరక్షణకు, నిర్వహణకు అవసరమైన చెక్‌పోస్టులు, కంచెలు, మంటలు పాకకుండా వదిలే అగ్గి గీతల వంటి వాటిని దాని నుంచి మినహాయించారు. అడవి కోసం చేసే పని అడవికి ఎదురు కాదన్న సూత్రం అక్కడ రాతలో ఉంది. మహబూబ్‌నగర్ పక్కన అప్పన్నపల్లి దగ్గర 2,087 ఎకరాల్లో విస్తరించిన అర్బన్ ఎకో పార్కు అటవీ శాఖది కాబట్టి ఆ సూత్రం దానికి వర్తిస్తుంది. అక్కడికి కొద్ది దూరంలోనే, పట్టణంలో అరెకరం కాలనీ పార్కుకు మాత్రం అలాంటి వాక్యం అండగా లేదు.

రోజూ చూసే కన్ను లేకపోతే ఏమవుతుందో పాలమూరు జిల్లాకు మరొకరు చెప్పాల్సిన పని లేదు. పిల్లలమర్రిలోని పాత మర్రిచెట్టుకు 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడింది. సందర్శకులను ఆపేశారు. చెదలు తిన్న మానుకు సెలైన్ సీసాలు కట్టి, మందు కలిపిన నీటిని చుక్క చుక్కగా ఎక్కించిన ఫొటోలు దేశమంతా చూసింది. వందల ఏళ్ల మర్రికి చెదలు ఒక్క రాత్రిలో పట్టలేదు. టికెట్లు తీసుకునే కౌంటరు అక్కడ ఉంది, కానీ ఆ మాను చుట్టూ ప్రతి పొద్దూ తిరిగి చూడటమే పనిగా ఉన్న మనిషి ఉంటే చెదల మట్టి గీతలు మొదట్లోనే కంటపడేవని నా నమ్మకం.

కాలనీ పార్కుల్లో ఉండే అవసరం ఇంకా మామూలుది. వేసవిలో 44, 45 డిగ్రీలు దాటే నల్లగొండలో మొక్కకు నీళ్లు పట్టాల్సింది సూర్యుడు పైకి రాకముందు, మళ్లీ పొద్దు వాలాక. పది గంటలకు వచ్చి ఐదుకు వెళ్లే ఉద్యోగం ఈ రెండు వేళలనూ తప్పిపోతుంది. బోరు మోటారు కాలిపోకుండా చూడటం, రాత్రి గోడ దూకి వచ్చేవారిని వెళ్లగొట్టడం, వానాకాలంలో పిల్లల ఆటస్థలంలో పాము కనిపిస్తే పదిమందిని పిలవడం, ఇవన్నీ అక్కడే ఉన్నవారు చేసే పనులు. 2021 జూన్‌లో సవరించిన జీతాల ప్రకారం అవుట్‌సోర్సింగ్ సిబ్బందిలో కింది శ్రేణికి నెలకు 15,600 రూపాయలు. దానిలో పట్టణంలో అద్దె కట్టి, పిల్లలను చదివించుకుని, తెల్లవారుజామునే ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు చేరుకోమనడం న్యాయం కాదు. పార్కు పక్కన గది ఇవ్వడం దయతో చేసే పని కాదు, ఆ ఉద్యోగం జరగడానికి అవసరమైన ఏర్పాటు.

మాలి కుటుంబాల వైపు నుంచి ఇంకో మాట ఉంది. ఇంత గొడవలోనూ అది ఎవరి నోటా రాదు. గది ఇచ్చిన రోజు నుంచి ఒక్కరి జీతానికి ఇద్దరి పని మొదలవుతుంది. భర్త పేరు మీద ఉద్యోగం ఉంటుంది, చీపురు భార్య చేతిలో ఉంటుంది. అర్ధరాత్రి గేటు తట్టినా లేవాలి, పండుగకు ఊరికి వెళ్తే మాట పడాలి. అందుకే అనుమతి రాసేటప్పుడు గది కొలతలతో పాటు పని గంటలు, వారపు సెలవు, ఇద్దరూ చేస్తే ఇద్దరికీ జీతం అనేవి కూడా రాయాలి. నివాసం ఇచ్చాం కదా అని ఇరవై నాలుగు గంటలూ వాడుకుంటే అది వెట్టి అవుతుంది. వెట్టి అంటే ఏమిటో నల్లగొండ నేలకు బాగా తెలుసు.

అనుమతి ఏ రూపంలో ఉండాలన్నది అంత కష్టమైన విషయమేమీ కాదు. అమెరికా పట్టణాల్లో ఇలాంటి నివాసాలకు షరతులతో కూడిన అనుమతి ఇచ్చే పద్ధతి ఉంది. స్థలం పార్కుగానే ఉంటుంది, నివాసం దానికి అనుబంధంగా, ఫలానా షరతులకు లోబడి ఉంటుంది. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ అనేక రకాల సంస్థల స్థలాల్లో కాపలా సిబ్బంది నివాసాన్ని 20 చదరపు మీటర్ల వరకు అనుమతించే వినియోగంగా పేర్కొంటుంది. అది సుమారు 24 గజాలు, 58వ జీవో చెప్పిన 125 గజాల్లో ఐదో వంతు కూడా లేదు. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం నివాసయోగ్యమైన గదికి కనీసం 9.5 చదరపు మీటర్లు ఉండాలి. ఈ రెండు అంకెల మధ్య మనిషి గౌరవంగా ఉండగల గది, వంట చోటు, మరుగుదొడ్డి సరిపోతాయి. హక్కు విషయానికొస్తే, 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ కింద లైసెన్సు ఇస్తే చాలు. లైసెన్సు స్థలం మీద హక్కును బదిలీ చేయదు, ఉద్యోగంతో పాటే ముగిసేలా రాసుకోవచ్చు. మీటరు మున్సిపల్ కమిషనర్ పేరు మీద పెట్టి, బిల్లు బల్దియా కడితే ఆ బిల్లు ఎవరి ఆక్రమణకూ రుజువు కాదు.

ఒక తేడా మాత్రం మరిచిపోకూడదు. మాస్టర్ ప్లాన్‌లో పార్కుగా గుర్తించిన బల్దియా స్థలం వేరు, లేఅవుట్ యజమాని గిఫ్ట్ డీడ్ ద్వారా అప్పగించిన ఖాళీ స్థలం వేరు. రెండో దానిలో డీడ్‌లో రాసిన ప్రయోజనం దాటి పోకూడదు. గది వేసే ముందు ఆ డీడ్ తీసి చదవమని కాలనీ సంఘాలు అడిగితే ఆ మాటలో న్యాయం ఉంది.

కౌన్సిల్ తీర్మానం చేసి ఇదంతా ఎప్పుడో తేల్చాల్సింది. 2020లో ఎన్నికైన పాలకవర్గాలు ఐదేళ్లూ తేల్చలేదు. 2025 జనవరిలో గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చాక ఫైలు కదిపే అవకాశం ఇంకా తగ్గింది. ఇంకో దారి మాస్టర్ ప్లాన్. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ నాలుగూ కేంద్రం తెచ్చిన అమృత్ పట్టణాభివృద్ధి పథకంలోని పట్టణాలే. జీఐఎస్ (కంప్యూటర్ పటాల) ఆధారిత మాస్టర్ ప్లాన్ల తయారీ ఆ పథకంలో భాగం. ఏ మాస్టర్ ప్లాన్‌కైనా ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు, సూచనలు తీసుకునే గడువు ఉంటుంది. పార్కులు, ఆటస్థలాల జోన్‌లో అనుమతించే వినియోగాల కింద కాపలాదారు నివాసం అన్న పంక్తిని, దాని గరిష్ఠ విస్తీర్ణంతో, లైసెన్సు షరతుతో సహా చేర్చమని ఆ గడువులోగా రాతపూర్వకంగా అడగాలి. ఆక్రమణ జరగకూడదనే కాలనీ సంఘమూ, మాలికి గూడు కావాలనే కార్మిక సంఘమూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టగల పంక్తి అది.