కావడిలో రెండో పక్క

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న కళ్లంలో మొక్కజొన్న బెండ్లు కుప్ప పోసి నిప్పు పెడుతుంటే, "వీటితో బస్సు నడపలేమా తాతయ్యా?" అని అడిగావు గదా బుజ్జీ. పొగకి కళ్లు మండి అప్పుడు జవాబు చెప్పలేదు.

హైడ్రోజన్‌తో నడిచే బస్సులున్నాయమ్మా. నీళ్లలో కరెంటు పారిస్తే ఒక కడ్డీ దగ్గర హైడ్రోజన్, రెండో కడ్డీ దగ్గర ఆక్సిజన్ పుడతాయి. అది కావడి లాంటిది, ఒక పక్కే ఎత్తుతానంటే లేవదు.

నా పదేళ్లప్పుడు చెరువు నుంచి కావడితో మంచినీళ్లు తెచ్చేవాళ్లం. ఒకరోజు ఒక బిందె చిల్లుపడింది. రెండో బిందెతోనే బయల్దేరాను, బద్ద వాలిపోయి నీళ్లన్నీ నేలపాలయ్యాయి. మా తాత మళ్లీ నీళ్లు ముంచి, ఖాళీ ఉట్టిలో బండరాయి పెట్టాడు. ఎవరికీ అక్కరలేని ఆ రాయిని ఇంటిదాకా మోశాను, భుజం వాచింది. మర్నాడు రాయి తీసేసి, దారిలో మిల్లు దగ్గర గేదెకి తవుడు మూట కట్టించుకుని ఆ పక్క వేలాడదీశాను.

ఆక్సిజన్ ఆ రాయి. గాలిలో కావలసినంత ఉంది, అయినా దాన్ని విడదీయడానికే కరెంటు ఎక్కువ తాగుతుంది. కిలో హైడ్రోజన్‌కి 50 యూనిట్లు దాటుతుంది.

తవుడు మూట మన బెండ్లలో ఉంది. బెండ్లని ఆమ్లంలో ఉడికిస్తే ఫర్ఫ్యూరాల్ అనే ద్రవం వస్తుంది, బాదంపప్పు వాసన. అమెరికాలో 1920ల నుంచే ఓట్స్ పొట్టుతో దీన్ని తీశారు. దాన్ని క్షారం కలిపిన నీళ్లలో వేసి రెండో కడ్డీ దగ్గర పెడితే, ఆక్సిజన్‌కి బదులు మందుల తయారీకి పనికొచ్చే ఫ్యూరోయిక్ ఆమ్లం వస్తుంది. కరెంటూ తగ్గుతుంది.

ఇక్కడ నా కావడి నాకే ఆశ్చర్యం కలిగించింది. 2022లో చైనా శాస్త్రవేత్తలు ఆ పక్క రాగి కడ్డీ పెట్టి చూస్తే, ఫర్ఫ్యూరాల్‌లోని హైడ్రోజన్ కూడా జతకట్టి పైకొచ్చింది. రెండు బిందెల్లోనూ నీళ్లే! ఘనపు మీటరు హైడ్రోజన్‌కి 5 యూనిట్లు పట్టేచోట 0.35 సరిపోయిందట. ఇదింకా ప్రయోగశాల పనే, బెండ్లు ఉడికించడానికీ ఖర్చుంది. అయినా ఇక బెండ్లకి నిప్పు పెడుతుంటే నాకు చెయ్యి పట్టుకుని ఆపాలనిపిస్తోంది.

అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పని చేయండి. గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలపండి, ఉప్పు మాత్రం వద్దు, విషవాయువు వస్తుంది. రెండు వైపులా చెక్కిన రెండు పెన్సిళ్లు తాకకుండా ముంచి, పై కొనలకి తీగలతో 9 వోల్టుల బ్యాటరీ కలపండి. ఏ పెన్సిల్‌కి బుడగలు ఎక్కువ పడుతున్నాయో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య