యుద్ధం మీద లెఫ్ట్ ఏమంటుంది: ప్రతి మీటింగ్‌లో ఎదురయ్యే అపోహలు, వాస్తవాలు

యుద్ధ వ్యతిరేక కమిటీల్లో పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. కరపత్రాలు రాయడం, హాల్ మాట్లాడటం, యూనియన్ వాళ్లని కూర్చోబెట్టి తీర్మానం పెట్టించడం, స్టడీ సర్కిల్‌కి కొత్తగా వచ్చిన పిల్లలతో గంటలు గంటలు వాదించడం, ఇదే నా పని. ఎక్కడ కొత్త యుద్ధం మొదలైనా మాకు ఎదురయ్యే ప్రశ్నలు మాత్రం పాతవే, కొన్ని బయటివాళ్లు అడిగేవి, కొన్ని మావాళ్లే గట్టిగా నమ్మేవి. ఆ రెండో రకమే నన్ను ఎక్కువ బాధపెడతాయి, అందుకే వాటిని కూడా దాచకుండా రాస్తున్నా.

అపోహ: ర్యాలీలతో ఏ యుద్ధమూ ఆగదు, టైమ్ వేస్ట్

ఈ మాట అనేవాళ్లందరూ 2003 చూపిస్తారు. నిజమే, ఆ ఏడాది ఫిబ్రవరి 15న ఇరాక్ మీద దాడి వద్దంటూ వందల నగరాల్లో ఒకేరోజు జనం రోడ్డెక్కారు, రోమ్, లండన్, మాడ్రిడ్‌లలో లక్షల్లో వచ్చారు, అయినా మార్చి 20న బాంబులు పడ్డాయి. ఆ రోజు తర్వాత చాలామంది ఇళ్లకి వెళ్లిపోయారు, మళ్లీ ఏ మీటింగ్‌కీ రాలేదు. వాళ్లని నేను తప్పుపట్టను, అంత పెద్ద ఆశ కూలిపోతే మనిషి అలాగే అయిపోతాడు.

కానీ ఆ కథలో చాలామందికి తెలియని ముక్కలున్నాయి. మార్చి 1న టర్కీ పార్లమెంటులో అమెరికా సైన్యాన్ని తమ నేల మీదుగా వెళ్లనిచ్చే తీర్మానం ఓటింగ్‌కి వచ్చింది, అనుకూలంగా 264, వ్యతిరేకంగా 250, తటస్థంగా 19. అనుకూల ఓట్లే ఎక్కువ వచ్చినా హాజరైనవాళ్లలో సగం దాటలేదు కాబట్టి తీర్మానం వీగిపోయింది, ఉత్తరం వైపు నుంచి పెద్ద ఎత్తున దిగుదామనుకున్న ప్లాన్ అమెరికా మార్చుకోవాల్సొచ్చింది. ఆ రోజు అంకారా వీధుల్లో వేలమంది నిలబడే ఉన్నారు. మరుసటి ఏడాది స్పెయిన్‌లో యుద్ధంలోకి దింపిన ప్రభుత్వం ఎన్నికల్లో ఓడిపోయింది, కొత్త ప్రధాని జపటేరో వచ్చీరాగానే సైన్యాన్ని వెనక్కి పిలిపించాడు. పదేళ్ల తర్వాత 2013 ఆగస్టు 29న సిరియా మీద సైనిక చర్యకి బ్రిటన్ పార్లమెంటు 285-272 ఓట్లతో నో చెప్పింది, ఆ రోజు సభలో ఎవరు లేచి మాట్లాడినా ఇరాక్ పేరే వచ్చింది.

ఇంకోటి చెప్తా, ఇది స్టడీ సర్కిల్‌లో నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. 1969లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర వియత్నాంకి నవంబర్ 1 లోపు దారికి రాకపోతే చూడండి అని లోపల్లోపల గడువు పెట్టాడు, భారీ దాడికి ప్లాన్ కూడా రెడీ చేయించాడు. అక్టోబర్ 15న అమెరికా అంతటా మారటోరియం పేరుతో లక్షలమంది పనులు ఆపి బయటికొచ్చారు, ఆ ప్లాన్ పక్కకి పోయింది, మారటోరియం తన గడువుని దెబ్బతీసిందని నిక్సన్ తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. ఆ రోజు కొవ్వొత్తి పట్టుకుని నడిచినవాళ్లలో ఒక్కరికి కూడా ఈ సంగతి తెలీదు, ఏమీ జరగలేదనే అనుకుని ఇంటికెళ్లారు. యుద్ధం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగింది, అది కూడా నిజమే, కానీ జరగకుండా ఆగిపోయిన దాడిని ఎవరూ ఫోటో తీయలేరు కదా.

2003లో మా లోపం వేరే ఉంది. శనివారం మార్చ్‌కి అంతా రెడీ చేసుకున్నాం, సోమవారం పొద్దున ఎవరు ఎక్కడ ఏం చేయాలి అన్నది ఎవరి దగ్గరా లేదు. యూనియన్లలోకి, కాలేజీల్లోకి, సైనికుల కుటుంబాల్లోకి వెళ్లే పని ముందే జరిగుండాల్సింది.

అపోహ: లెఫ్ట్ అంటే ఏ పరిస్థితిలోనూ ఆయుధం పట్టకూడదనేవాళ్లు

కాదు. శాంతివాదులు వేరు, మేము వేరు, ఒకే బ్యానర్ వెనక నడుస్తాం, వాళ్లమీద నాకు చాలా గౌరవం కూడా ఉంది. కానీ 1936లో సైనిక జనరల్ ఫ్రాంకో తిరుగుబాటు చేసినప్పుడు స్పెయిన్ రిపబ్లిక్‌ని కాపాడటానికి యాభైకి పైగా దేశాల నుంచి 35 వేల మంది దాకా వలంటీర్లు అంతర్జాతీయ బ్రిగేడ్లలో చేరి తుపాకీ పట్టారు, వాళ్లలో ఎక్కువమంది కమ్యూనిస్టులు, సోషలిస్టులే. వలస పాలన మీద వియత్నాం, అల్జీరియా చేసిన పోరాటాలకీ లెఫ్ట్‌లో పెద్ద భాగం అండగా నిలబడింది. ఎవరు ఎవరి నేల మీదికి వెళ్లారు, ఎవరి లాభం కోసం, చచ్చేది ఎవరి పిల్లలు, ముందు ఇవి చూస్తాం.

అపోహ: అమెరికా చేస్తేనే మాట్లాడతారు, వేరేవాళ్లు చేస్తే నోరు మూసుకుంటారు

ఈ ఆరోపణలో కొంత నిజం ఉంది, ముందు అది ఒప్పుకుంటా. శత్రువుకి శత్రువు మనకి మిత్రుడు అనే లెక్కలో పడి, వాషింగ్టన్‌కి ఎదురు నిలబడ్డ ప్రతి నియంతనీ వెనకేసుకొచ్చినవాళ్లు మాలో ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు, వాళ్లతో మీటింగుల్లో గొంతు పోయేదాకా వాదించా. ట్యాంకు కింద పడ్డవాడికి దాని మీద ఏ జెండా ఉందో దానితో పనేముంది?

కానీ లెఫ్ట్ అంతా అదే అంటే చరిత్ర ఒప్పుకోదు. 1956లో సోవియట్ ట్యాంకులు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోకి వెళ్లినప్పుడు బ్రిటన్ కమ్యూనిస్టు పార్టీ నుంచి వేలమంది బయటికొచ్చేశారు, చరిత్రకారుడు ఈ.పీ. థాంప్సన్ వాళ్లలో ఒకడు, మాస్కో చెప్పుచేతల్లో ఉండని వామపక్షానికి న్యూ లెఫ్ట్ అనే మాట పుట్టిందే ఆ టైమ్‌లో. 1968లో చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్ మీద సోవియట్ దాడిని ఇటలీ కమ్యూనిస్టు పార్టీ బహిరంగంగా ఖండించింది. 1980లో అదే థాంప్సన్ ఇంకొందరితో కలిసి యూరప్ అణ్వాయుధ నిర్మూలన ఉద్యమం పెట్టాడు, వాళ్ల డిమాండ్ అమెరికా మిసైళ్లు వద్దు, సోవియట్ మిసైళ్లూ వద్దు, రెండూ తీసేయండి అని. ఆ రోజుల్లో వాళ్లని పశ్చిమాన మాస్కో ఏజెంట్లన్నారు, మాస్కోలో అనుమానంగా చూశారు.

బోరిస్ కగార్లిత్‌స్కీ సంగతి చూడండి. రష్యా మార్క్సిస్టు. 1982లో సోవియట్ ప్రభుత్వం అరెస్టు చేసి ఏడాదికి పైగా లోపల పెట్టింది, ఉక్రెయిన్ మీద యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు ఇప్పటి ప్రభుత్వం 2023లో మళ్లీ అరెస్టు చేసింది, 2024 ఫిబ్రవరిలో ఐదేళ్ల శిక్ష పడింది. ఆయన్ని అమెరికా ఒక్కదాన్నే తిట్టే మనిషి అని ఎవరనగలరు?

మరి మీ దేశం ప్రభుత్వాన్నే ఎక్కువ ఎందుకు తిడతారు అంటారా, దానికి కారణం ఉంది. మన చెయ్యి అందేది మన ప్రభుత్వానికే. మన ఓటు, మన పన్ను, మన యూనియన్ సమ్మె, మన పేరు మీద ఎగుమతయ్యే ఆయుధం, వీటి మీదే మనకి పట్టు ఉంది. పక్క దేశం పాలకుణ్ణి ఇక్కడ మైకులో ఎంత తిట్టినా ఆయనకి వినపడదు, అక్కడ ఆయన్ని ఎదిరించేవాళ్లకి మాత్రం మన సంఘీభావం అందాలి, ఉత్తరమో, డబ్బులో, లాయరో, ఏదో ఒకటి.

అపోహ: మేము మాత్రం ప్రతి యుద్ధాన్నీ మొదటి రోజు నుంచే వ్యతిరేకించాం

ఇది మావాళ్ల అపోహ. 1912లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సోషలిస్టు ఇంటర్నేషనల్, అంటే వేర్వేరు దేశాల సోషలిస్టు పార్టీల కూటమి, పెద్ద సభ పెట్టి యుద్ధాన్ని అన్ని రకాలుగా అడ్డుకుంటాం అని తీర్మానించింది. రెండేళ్లు తిరక్కుండానే 1914 జులై 31న ఫ్రాన్స్‌లో యుద్ధాన్ని ఆపడానికి తిరుగుతున్న సోషలిస్టు నాయకుడు జాన్ జోరెస్‌ని కాల్చి చంపారు, ఆగస్టు 4న జర్మనీ సోషల్ డెమొక్రాట్లు పార్లమెంటులో యుద్ధ రుణాలకి ఓటేశారు. ఆ పార్టీ ఎంపీ కార్ల్ లీబ్‌క్నెక్ట్ కూడా ఆ రోజు పార్టీ క్రమశిక్షణకి కట్టుబడి చెయ్యెత్తాడు, డిసెంబర్ 2న రెండోసారి ఓటింగ్ వచ్చినప్పుడు ఒక్కడే వ్యతిరేకించాడు. నాకు ఈ మనిషి డిసెంబర్ ఓటు కంటే ఆగస్టు ఓటే ఎక్కువ గుర్తుంటుంది, ఎందుకంటే అంత గట్టి మనిషి కూడా మొదటి రోజు గుంపుతో వెళ్లాడు, నాలుగు నెలల్లో తనని తను సరిచేసుకున్నాడు. 1915 సెప్టెంబర్‌లో స్విట్జర్లాండ్‌లోని జిమ్మర్‌వాల్డ్‌లో యుద్ధ వ్యతిరేక సోషలిస్టులు కలిస్తే వచ్చింది మొత్తం 38 మంది.

తర్వాత కూడా అంతే. 1956 మార్చిలో అల్జీరియాలో ప్రత్యేక అధికారాల కోసం గీ మోలె ప్రభుత్వం అడిగితే ఫ్రాన్స్ కమ్యూనిస్టు పార్టీ అనుకూలంగా ఓటేసింది. శాంతి ఉద్యమం నుంచి పుట్టిన జర్మనీ గ్రీన్స్ పార్టీవాళ్లు 1999లో ప్రభుత్వంలో ఉండి యుగోస్లావియా మీద నాటో బాంబింగ్‌కి సరే అన్నారు. కొత్తగా వచ్చిన పిల్లలకి ఈ ఓటముల చరిత్రే ముందు చెప్పాలని నా అభిప్రాయం, లేకపోతే యుద్ధం మొదలైన రోజు చుట్టూ అందరూ జెండాలు ఊపుతుంటే వాళ్లకి కాళ్ల కింద నేల కదిలిపోతుంది.

అపోహ: ఇదంతా స్టూడెంట్లు, మేధావులు చేసే హడావిడి, పనిచేసుకునేవాళ్లకి సంబంధం లేదు

1920 మేలో లండన్ రేవు కార్మికులు సోవియట్ రష్యా మీద వాడటానికి పోలండ్ వెళ్తున్న ఆయుధాలని జాలీ జార్జ్ అనే ఓడలోకి ఎక్కించం అన్నారు. 1974లో స్కాట్లండ్‌లోని ఈస్ట్ కిల్‌బ్రైడ్ ఇంజన్ ఫ్యాక్టరీ కార్మికులు చిలీ సైనిక ప్రభుత్వానికి చెందిన యుద్ధ విమానాల ఇంజన్లని బాగుచేయం అని పక్కన పెట్టేశారు, అవి నాలుగేళ్లు అక్కడే పడున్నాయి. 1984లో శాన్ ఫ్రాన్సిస్కో రేవు కార్మికులు వర్ణవివక్ష పాలనకి నిరసనగా దక్షిణాఫ్రికా సరుకుని 11 రోజులు ముట్టలేదు. 2008లో జింబాబ్వేకి ఆయుధాలు తీసుకొచ్చిన చైనా ఓడని డర్బన్ కార్మికులు దించం అన్నారు, అది దించకుండానే వెళ్లిపోయింది.

ఒక మీటింగ్‌లో ఒకాయన లేచి, మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ ఆయుధాల ఆర్డర్ల వల్లే, మూసేయమంటే మేమేం తినాలండీ అన్నాడు. ఆ ప్రశ్నని తప్పించుకునే హక్కు మాకు లేదు. ఆయనకి నేను చెప్పింది బ్రిటన్‌లో లూకాస్ ఏరోస్పేస్ కార్మికుల గురించి, 1976లో వాళ్లు కూర్చుని మా చేతిలో ఉన్న పనితనంతో ఆయుధాలు కాకుండా ఏమేం చేయొచ్చు అని సుమారు 150 వస్తువుల లిస్టు తయారుచేశారు, కిడ్నీ మెషిన్లు, హీట్ పంపులు, రోడ్డు మీదా పట్టాల మీదా నడిచే బస్సు, అన్నీ డ్రాయింగులతో సహా. మేనేజ్‌మెంట్ ఒప్పుకోలేదు. 2024లో ప్రపంచం మొత్తం మీద సైన్యాలకి పెట్టిన ఖర్చు సుమారు 2.7 లక్షల కోట్ల డాలర్లని స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క, ఇందులో చిన్న ముక్క అలాంటి ప్లాన్‌కి వెళ్తే ఆయన ఇంట్లో పొయ్యి ఆరిపోదు.

అపోహ: యుద్ధాన్ని వ్యతిరేకిస్తే సైనికుల్ని అవమానించినట్టే

1971 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం ముందు కంచె మీదుగా మెడల్స్ విసిరేసింది వియత్నాంలో పోరాడొచ్చిన వందలమంది సైనికులే. వాళ్ల సంఘం 1967లోనే పుట్టింది. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అపోహ: బాంబులకి బదులు ఆంక్షలు పెడితే శాంతియుతం, లెఫ్ట్ దానికైనా ఒప్పుకోవాలి

ఇది చాలా మెలిక ఉన్న విషయం. 1990 ఆగస్టులో ఇరాక్ మీద పెట్టిన ఆంక్షలు పదమూడేళ్లు నడిచాయి, సద్దాం కుర్చీ కదల్లేదు, ఆస్పత్రుల్లో మందులు, ఊళ్లకి మంచినీళ్లు లేకుండా పోయాయి. ఐక్యరాజ్యసమితి తరఫున అక్కడ సహాయం చూసిన డెనిస్ హాలిడే దీన్ని భరించలేక 1998లో రాజీనామా చేశాడు, ఆయన తర్వాత వచ్చిన హాన్స్ వాన్ స్పోనెక్ కూడా 2000లో అదే పని చేశాడు.

మరి వర్ణవివక్ష రోజుల్లో దక్షిణాఫ్రికా బహిష్కరణని ఎందుకు సమర్థించారు అని అడుగుతారు. అది అక్కడి జనం అడిగింది. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు ఆల్బర్ట్ లుతూలి 1950ల చివర్లోనే మా సరుకు కొనకండి, కష్టం మాకు తెలుసు, అయినా కొనకండి అని బయటి ప్రపంచాన్ని కోరాడు, 1977లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి పెట్టిన తప్పనిసరి నిషేధం ఆయుధాల మీద, అన్నం మీద కాదు. మా కమిటీలో ఎవరైనా ఏదైనా దేశం మీద ఆంక్షలు కావాలని తీర్మానం తెస్తే ముందు ఆ దేశంలోని యూనియన్లకి, ఆడవాళ్ల సంఘాలకి రాసి వాళ్లేమంటున్నారో తెప్పించుకుంటాం, జవాబు వచ్చేదాకా ఓటింగ్ పెట్టం. ఒక్కోసారి నెల పడుతుంది, ఈలోపు కుర్రాళ్లకి చిరాకు వస్తుంది, అయినా ఆగుతాం.