పెన్న ఒడ్డున మూడు గుళ్ళు – పిల్లలకు ఉత్తరం

చిరంజీవి చిట్టికి, చిట్టి వాళ్ళ అన్నకి, ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ బుచ్చిరెడ్డిపాలెం నుంచి అమ్మమ్మ దీవించి రాయునది.

మొన్న ఫోన్లో చిట్టి అడిగింది. “అమ్మమ్మా, పొద్దున శివుడి గుడికి, సాయంత్రం విష్ణువు గుడికి వెళ్తే వాళ్ళకి కోపం రాదా?” అని. పక్కనుంచి వాళ్ళ అన్న పకపకా నవ్వడం నాకు వినిపించింది. అది నవ్వాల్సిన ప్రశ్న కాదురా అబ్బయ్యా. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట చదువుకున్న పెద్దవాళ్ళే ఈ తెలుగునేల మీద శైవులు, వైష్ణవులు అని రెండుగా చీలి, మా దేవుడు గొప్పంటే మా దేవుడు గొప్పని తగువులాడుకున్నారు. ఆ తగువుకి నెల్లూరు దగ్గర ఒక జవాబుంది. ఫోన్లో చెబితే మీరు సగం విని ఆటలోకి పరుగెత్తుతారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. సెలవులకి వచ్చేలోపు చదివి పెట్టుకోండి.

ముందు పెన్న సంగతి. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప సీమల మీదుగా వచ్చి, మన జిల్లాలో ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్ల నడక. పురాణాల్లో పినాకిని అంటారు. మా చిన్నప్పుడు వేసవిలో చూస్తే ఏరంతా ఇసుకే, నడుమ ఎక్కడో సన్నగా నీళ్ళు. అదే ఏరు 2021 నవంబరులో వరదొచ్చినప్పుడు ఒడ్డున ఉన్న ఊళ్ళకి నిద్ర లేకుండా చేసింది. 2022లో సంగం దగ్గరా, నెల్లూరు దగ్గరా కొత్త బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. ఈ ఏటిని ఆనుకునే మనం చూడబోయే మూడు గుళ్ళూ ఉన్నాయి. ఉత్తరపు ఒడ్డున జొన్నవాడ, దక్షిణపు ఒడ్డున నరసింహకొండ, ఆ ఒడ్డునే ఇంకాస్త దిగువన నెల్లూరు రంగనాయకులపేట.

వీటికి కలిపి ఒకటే స్థలపురాణం. కశ్యప మహర్షి లోకం బాగుండాలని పెన్న ఒడ్డున యజ్ఞం తలపెట్టాడట. యజ్ఞానికి మూడు అగ్నులు కావాలి. గార్హపత్యం, ఆహవనీయం, దక్షిణాగ్ని. ఆ మూడు గుండాల్లోంచి మూడు తేజస్సులు లేచాయి. ఒకటి జొన్నవాడలో మల్లికార్జునస్వామి అయింది, ఒకటి కొండ మీద నరసింహస్వామి, ఇంకొకటి నెల్లూరులో రంగనాథస్వామి. చిట్టీ, ఇక్కడ ఒక్క క్షణం ఆగు. యజ్ఞం ఒకటే, చేసిన ఋషి ఒకడే. వచ్చినవాళ్ళలో ఒకరు శివుడు, ఇద్దరు విష్ణువు. ఒకే ఇంటి పొయ్యి మీద వండిన మూడు కూరల్లో ఇది మాది, అది మీది అని పంచాయితీ ఎవరైనా పెడతారా?

ఇది స్థలపురాణం, చరిత్ర కాదు. ఫలానా ఏడాది కశ్యపుడు ఇక్కడ ఉన్నాడని రుజువు చేయలేం, చేయాల్సిన పనీ లేదు. ఈ కథ చెప్పుకున్న జనం తమ ఊళ్ళ గురించి ఏమనుకున్నారో అది చెబుతుంది, అంతవరకు అది నిజమే.

ఇక జొన్నవాడ. నెల్లూరుకి సుమారు 12 కిలోమీటర్లు. మల్లికార్జునస్వామి గుడి అది. కానీ అయ్యవారి పేరు చెప్పి బస్సు అడిగినవాళ్ళని నేనింతవరకు చూడలేదు. అందరూ “జొన్నవాడ కామాక్షమ్మ” అనే అంటారు. మా వైపు ఏ వీధిలో చూసినా ఒక కామాక్షమ్మ, ఒక కామాక్షయ్య ఉంటారు, ఆ తల్లి పేరే. అమ్మవారు మొదట్లో చాలా ఉగ్రంగా ఉండేదని, ఆదిశంకరులు వచ్చి శ్రీచక్రం ప్రతిష్ఠించాక శాంతించిందని చెబుతారు.

వైశాఖ మాసంలో బ్రహ్మోత్సవాలు. మొదట్లో ధ్వజారోహణం ఉంటుంది, అది చూడాలి. గుడ్డ మీద నంది బొమ్మ గీసి, పూజ చేసి, తాడు కట్టి ధ్వజస్తంభం పైకి లాగుతారు. నంది పైకెక్కి ముక్కోటి దేవతల్నీ ఉత్సవానికి పిలుస్తాడన్నమాట. ఉత్సవాలు అయ్యాక ఆ జెండాను దించుతారు. విష్ణువు గుళ్ళోనూ ఇదే తంతు, కాకపోతే అక్కడ జెండా మీద గరుత్మంతుడుంటాడు. జొన్నవాడలో ధ్వజారోహణం నాడు కొడిముద్దలని ప్రసాదం ముద్దలు పంచుతారు. కొడిముద్ద తింటే పిల్లలు పుడతారని నమ్మకం. ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్ళు వస్తారు. తలస్నానం చేసి, కొంగు రెండు చేతులా పరిచి పట్టుకుని నిలబడతారు. ముద్ద పడగానే కొంగు గబుక్కున మూసేసి గుంపులోంచి పక్కకొస్తారు. ఒకసారి నా ముందు నిలబడ్డ పిల్లకి అందలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పక్కనున్నావిడ ఎవరో తెలియదు, తన కొంగులోని ముద్దను రెండుగా విరిచి సగం ఆ పిల్ల చేతిలో పెట్టి, పేరైనా అడక్కుండా వెళ్ళిపోయింది. ముద్దలో మహిమ ఎంతో నాకు తెలియదు గానీ, తనకీ పిల్లలు లేకనే కదా ఆవిడ అంతదూరం వచ్చింది!

ఇంకొక మాట కూడా చెప్పాలి. మనసు బాగాలేనివాళ్ళని “గాలి సోకింది” అని జొన్నవాడ తీసుకొచ్చి, గుళ్ళో కొన్ని రాత్రులు నిద్ర చేయిస్తారు. అమ్మ దగ్గర పడుకుంటే ధైర్యం వస్తుందంటే నేను కాదనను. కానీ డాక్టరు రాసిన మాత్రలు ఆపేసి తీసుకొచ్చే పద్ధతి మాత్రం నాకు బొత్తిగా నచ్చదు. మీరు వెళ్ళినప్పుడు ఎవరైనా ఊగుతూ, ఏడుస్తూ కనిపిస్తే వేలెత్తి చూపించొద్దు. ఫోన్ తీసి వీడియో అసలే తీయొద్దు. వాళ్ళూ ఒకరి అమ్మో, అన్నో.

జొన్నవాడ ఒడ్డున నిలబడి ఏటికి అవతల చూస్తే కొండ కనిపిస్తుంది. అదే నరసింహకొండ. వేదగిరి అని కూడా పేరు. పైన లక్ష్మీనరసింహస్వామి. కొండ మీద ఏడు కోనేర్లున్నాయి. ఋషుల హోమగుండాలే తర్వాత కోనేర్లయ్యాయని అంటారు. వానలు బాగా పడిన ఏడు నిండుగా ఉంటాయి, ఎండాకాలం వస్తే అడుగున పచ్చటి నాచునీళ్ళే. రాళ్ళు జారుతాయి, అంచుకు వెళ్ళొద్దు. దర్శనం అయ్యాక మీ అన్నాచెల్లెళ్ళు వెంటనే దిగిపోకుండా కాసేపు పైనే కూర్చోండి. కింద పెన్న, దాని అవతల ఇందాక చూసొచ్చిన జొన్నవాడ, రెండు పక్కలా వరిచేలు. యజ్ఞం కథ నేను చెప్పినదానికన్నా అక్కడ బాగా అర్థమవుతుంది.

నెల్లూరు రంగనాథస్వామిది తల్పగిరి. స్వామి పడుకోవడానికి ఆదిశేషుడే ఇక్కడ కొండగా మారాడట. శ్రీరంగంలో, శ్రీరంగపట్నంలో కావేరి పక్కన ఎలా శయనించి ఉంటాడో ఇక్కడ పెన్న పక్కన అలా. ముందున్న గాలిగోపురం దూరం నుంచే కనిపిస్తుంది. పైన కలశాలు ఎండకి మెరుస్తుంటాయి. లోపల అద్దాల మండపం ఉంది. ఎటు చూసినా అద్దాలే కాబట్టి ఒక్క విగ్రహం వరుసలు వరుసలుగా కనిపిస్తుంది. మీ అమ్మ చిన్నప్పుడు అక్కడ తన జడ వెనక ఎలా ఉందో చూసుకుంటూ ఉండిపోయేది, మీరు కాస్త దేవుణ్ణి కూడా చూడండి. మార్చి, ఏప్రిల్ రోజుల్లో స్వామికి బ్రహ్మోత్సవాలు, ముక్కోటి ఏకాదశికి ఉత్తర ద్వార దర్శనం. ఆ రోజు మాత్రం చిన్నపిల్లలతో వెళ్ళడం నాకిష్టం లేదు, తోపులాట ఎక్కువ.

గుళ్ళోకి వెళ్ళగానే ఎవరి గుడో మీరే కనిపెట్టొచ్చు. గర్భగుడికి ఎదురుగా నంది ఉంటే శివుడు, గరుత్మంతుడుంటే విష్ణువు. ఇక్కడ విభూతి, మారేడు దళాలు. అక్కడ తులసి తీర్థం, తల మీద శఠగోపం. శఠగోపం పెట్టినప్పుడు తల వంచాలి, మీ అన్నలాగా చెయ్యి అడ్డం పెట్టి జుట్టు సర్దుకోకూడదు.

ఇప్పుడు అసలు జవాబుకి వస్తున్నాను. పదమూడో శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి దగ్గర తిక్కన మంత్రిగా ఉండేవాడు. యజ్ఞం చేసినవాడు కాబట్టి తిక్కన సోమయాజి అయ్యాడు. భారతాన్ని నన్నయ రెండున్నర పర్వాల దగ్గర ఆపితే, విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తిక్కన తెలుగు చేశాడు. అంత పెద్ద పుస్తకం ఎవరికి అంకితమివ్వాలి? రాజుకివ్వలేదు. ఒక్క శివుడికీ ఇవ్వలేదు, ఒక్క విష్ణువుకీ ఇవ్వలేదు. ఇద్దరూ ఒకే రూపమైన హరిహరనాథుడికి ఇచ్చాడు. బయట వీరశైవం ఒకవైపు, వైష్ణవం ఒకవైపు జనాన్ని లాగుతున్న కాలమది. మంత్రిగా ఉన్నవాడు, మాటకు విలువున్నవాడు, ఏదో ఒక పక్షం చేరిపోవడం సులువు. ఆయన చేరలేదు. మూడు గుళ్ళ కథ వినే తిక్కన అలా ఆలోచించాడని చెప్పడం అతి అవుతుంది. అయినా ఈ ఏటి ఒడ్డున తిరిగిన మనిషికి ఆ ఆలోచన రావడం నాకేమీ ఆశ్చర్యంగా లేదు.

నన్నయకీ తిక్కనకీ మధ్య మిగిలిపోయిన అరణ్యపర్వం భాగాన్ని తర్వాత ఎర్రన పూర్తి చేశాడు. అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి దగ్గరి కవి ఆయన. ఆయన బిరుదేమిటో తెలుసా? శంభుదాసుడు. శివుడి దాసుణ్ణని చెప్పుకుంటూనే అహోబిలం నరసింహస్వామి మీద నృసింహపురాణం రాశాడు. చిట్టీ, శివుడికి కోపం వచ్చుంటే ముందు ఎర్రన మీద రావాలి కదా!

పాత గుళ్ళకి వెళ్ళినప్పుడు గోడల మీద, రాతిస్తంభాల మీద అక్షరాలు కనిపిస్తే ఆగి చూడండి. ఏ రాజు ఎంత పొలం రాసిచ్చాడు, దీపానికి ఎన్ని ఆవులిచ్చాడు వంటి లెక్కలుంటాయి. బటర్‌వర్త్ అనే ఇంగ్లీషు అధికారి, వేణుగోపాల చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలన్నీ ఊరూరా సేకరించి 1905లో మూడు భాగాలుగా అచ్చువేశారు. అప్పట్లో వాళ్ళు ఎత్తి రాసుకున్నారు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు పండగొస్తే చాలు, కొన్ని చోట్ల శాసనాల మీదే సున్నం, రంగులు పూసేస్తున్నారు. చూస్తే నాకు కడుపు మండుతుంది.

మిగిలినవి ఈ వేసవికి అన్నీ కుదరవు. మూలాపేటలో మూలస్థానేశ్వరస్వామి గుడి, ఇరుకళల పరమేశ్వరి అమ్మవారు ఎలాగూ నెల్లూరులోనే కాబట్టి చూద్దాం. పెంచలకోన దూరం. రాపూరు దాటి వెలిగొండల్లోకి వెళ్ళాలి. అక్కడ నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడని ఆదిలక్ష్మమ్మ అలిగి ఏటి అవతలికి వెళ్ళిపోయిందట, అందుకే ఆవిడ గుడి విడిగా ఉంటుంది. నెల్లూరులో ఏ బడిలో హాజరు పిలిచినా ఒక పెంచలయ్య పలికేది ఈ స్వామి వల్లే.

మొహర్రం రోజుల్లో వచ్చి ఉంటే రొట్టెల పండగ చూపించేదాన్ని. స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా ఉంది, పన్నెండుమంది అమరవీరుల సమాధులు. కోరిక ఉన్నవాళ్ళు చెరువు నీళ్ళలో నిలబడి, ఆ కోరిక తీరినవాళ్ళ దగ్గర రొట్టె తీసుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె అని అరుస్తూ వెతుక్కుంటారు. తీరితే మళ్ళీ ఏడాది తామే రొట్టె చేసి తెచ్చి ఇంకొకరికివ్వాలి. బొట్టు పెట్టుకున్నవాళ్ళు, బురఖా వేసుకున్నవాళ్ళు ఒకే నీళ్ళలో మోకాళ్ళ లోతున నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కామాక్షమ్మకి మొక్కుకుని, ఆ వారమే రొట్టె కూడా పట్టుకున్న ఆడవాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. పరీక్షలంటే టెన్షన్ పడే మీ అన్నకి చదువు రొట్టె అవసరమే అనుకుంటా.

మన ప్రయాణం ఇలా. పొద్దున్నే ఎండ ముదరకముందు జొన్నవాడ. అక్కడినుంచి పెన్న దాటి నరసింహకొండ. కొండ మీద నీడ తక్కువ, టోపీలు, నీళ్ళసీసాలు మర్చిపోవద్దు. కోతులుంటే కవర్లు చేతిలో ఊపుకుంటూ నడవొద్దు. మధ్యాహ్నం గుళ్ళు మూస్తారు కాబట్టి నెల్లూరులో భోంచేసి, సాయంత్రం తలుపులు తీశాక రంగనాథస్వామి. చేపల పులుసు మాత్రం ఆ రోజు అడగొద్దు, మర్నాడు ఇంట్లో చేసి పెడతాను. మీ అమ్మతో చెప్పి రైలు టిక్కెట్లు ఇప్పుడే తీయించండి, సెలవుల్లో దొరకవు.

ఇట్లు,
మీ అమ్మమ్మ